మోటుపల్లి రేవు: ఓడ పగిలినవారికి అభయం



వేటపాలెం నుంచి ఒంగోలు వైపు రైలు మార్గం వెంట వెళితే కడవకుదురు, ఆ తరువాత చినగంజాం వస్తాయి. చినగంజాం అనగానే మనకు గుర్తుకు వచ్చేది ఉప్పు. ఎండలో తెల్లగా మెరిసే ఉప్పు మడులు ఈ ప్రాంతం వారందరికీ తెలిసినవే. ఆ చినగంజాం మండలంలోనే, సముద్రానికి చేరువలో, మోటుపల్లి అనే ఊరు ఉంది. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోను ఉన్న ఈ ఊరు 2022 నుంచి బాపట్ల జిల్లాలో చేరింది. బయటివారు ఎవరైనా ఈనాడు అక్కడికి వెళితే వారికి కనిపించేది ఒక మామూలు పల్లె, ఇసుక నేల, కొన్ని పాత దేవాలయాలు. అంతకంటె ప్రత్యేకత ఏముందని అనుకుంటారు.

అయితే ఏడెనిమిది వందల ఏళ్ల క్రితం తెలుగు దేశానికి సముద్రం వైపు సింహద్వారం ఈ మోటుపల్లియే. చైనా కర్పూరం ఇక్కడ దిగేది. ఇక్కడి సన్నని బట్టలు సముద్రం దాటి పోయేవి. వెనిస్ నగరానికి చెందిన మార్కో పోలో కాకతీయుల రాజ్యం మొత్తాన్ని ఈ రేవు పేరుతోనే లోకానికి పరిచయం చేశాడు. మన పిల్లలు బడిలో ఆఫ్రికా ఉత్తర తీరాన వెలిసిన కార్తేజ్, అలెగ్జాండ్రియా రేవుల పేర్లు కంఠస్థం చేస్తారు. మంచిదే. కాని ఇంటికి ఆమడ దూరంలో ఉన్న రేవు చరిత్ర వారికి చెప్పేవారు తక్కువ.

అందుచేత ఈ వారం మోటుపల్లి గురించి తెలుసుకుందాం. ఆ రేవు ఎలా వెలిగింది? అక్కడ ఒక రాజు రాతిమీద చెక్కించిన మాట ఏమిటి? ఆ మాట ఈనాడు మన కుటుంబాలను ఏమని ప్రశ్నిస్తోంది? ఈ మూడు విషయాలు వరుసగా చూద్దాం.

ఆనాటి రేవు ఎలా ఉండేది?

రేవు అనగానే విశాఖపట్నంలో ఉన్నట్లు పెద్ద గోడలు, క్రేనులు, లోతైన నీరు మన కళ్ల ముందు మెదులుతాయి. మన తీరం అటువంటిది కాదు. ఇక్కడ ఒడ్డు చదునుగా ఉంటుంది, నీరు లోతు తక్కువ, అలలు విరిగిపడే చోటు ప్రమాదకరం. అందువలన పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరంగా లంగరు వేసుకుని నిలిచేవి. ఒడ్డునుంచి చిన్న పడవలు వెళ్లి సరుకు దించుకుని వచ్చేవి. చెక్కలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసిన పడవలు ఈ పనికి బాగా ఉపయోగపడేవి. మేకులు కొట్టిన పడవ అల దెబ్బకు పగిలితే, కుట్టిన పడవ కాస్త వంగి నిలిచేది. మసూలా పడవలని ఆంగ్లేయులు పిలిచినవి ఇవే.

ఓడల రాకపోకలు గాలి మీద ఆధారపడేవి. నైరుతి గాలికి ఒక వైపు, ఈశాన్య గాలికి మరొక వైపు ప్రయాణం సాగేది. గాలి మారేవరకు వర్తకులు రేవులోనే నెలల తరబడి ఉండవలసి వచ్చేది. ఆ గాలి మారే కాలంలోనే, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. దీని సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కళ్లారా చూసిన పెద్దలు నేటికీ మన విచారణలలో ఉన్నారు. కనుక ఈ తీరాన రేవు అంటే ఒక పక్క లాభం, ఒక పక్క మృత్యువు. ఈ రెంటినీ మనసులో పెట్టుకుంటేనే మోటుపల్లి శాసనం మనకు అర్థమవుతుంది.

మోటుపల్లికి ముందు

కృష్ణా ముఖద్వారం చుట్టూ ఉన్న తీరానికి సముద్ర వ్యాపారం చాలా పాతది. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన "పెరిప్లస్" అనే నావికుల గ్రంథం మసాలియా అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. పునీత తోమా, పునీత పౌలు జీవించిన శతాబ్దమే అది. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో నివసించిన టోలెమీ అనే భూగోళ పండితుడు కంటకస్సిల అనే రేవును పేర్కొన్నాడు. అది కృష్ణా జిల్లాలోని నేటి ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. అంటే మన తీరం పేర్లు ఉత్తర ఆఫ్రికాలో కూర్చున్న పండితుని చెవిన కూడా పడ్డాయన్నమాట.

రేవులు శాశ్వతం కావు. నది మేట వేస్తుంది, ఒడ్డు జరుగుతుంది, రాజధాని మారుతుంది. ఒక రేవు అణగి మరొకటి లేస్తుంది. ఆ వరుసలో మోటుపల్లి వంతు మధ్యయుగంలో వచ్చింది. శాసనాలలో దీనికి దేశియుయ్యక్కొండపట్టణం అనే మరో పేరు కూడా ఉంది. ఆ పేరులో ఉన్న తమిళ ఛాయ, దేశదేశాల వర్తకులు ఇక్కడ కలిసిన సంగతిని గుర్తు చేస్తుంది.

ఓరుగల్లుకు సముద్రం కావలసి వచ్చింది

కాకతీయుల రాజధాని ఓరుగల్లు సముద్రానికి చాలా దూరం. రాజ్యానికి గుర్రాలు కావాలి, రాగి కావాలి, సుగంధ ద్రవ్యాలు కావాలి. ఇవన్నీ సముద్రం మీద వచ్చేవి. 1199లో సింహాసనం ఎక్కి 1262 వరకు పాలించిన గణపతిదేవుడు తన పాలన తొలి సంవత్సరాలలోనే తీరాంధ్రాన్ని వశం చేసుకున్నాడు. కృష్ణా సంగమం దగ్గరి దివిసీమ నాయకులను జయించి, వారిని అవమానించకుండా ఆ ఇంటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను వివాహం చేసుకున్నాడు. వారి సోదరుడు జాయపను తన గజసేనకు అధిపతిగా నియమించాడు. సంస్కృతంలో "నృత్తరత్నావళి" రచించిన జాయప సేనాని ఈయనే.

తీరం చేతికి వచ్చింది. కాని తీరం చేతికి వచ్చినంత మాత్రాన ఓడలు రావు. కత్తితో ఊరిని పట్టుకోవచ్చు గాని వర్తకుని నమ్మకాన్ని పట్టుకోలేము. అతనికి ఎన్నో రేవులున్నాయి. భయం వేసిన చోటునుంచి తెరచాప మరలించుకుని పోతాడు. మరి ఆ భయం ఏమిటి?

పగిలిన ఓడ ఎవరిది?

ఆనాటి లోకంలో ఒక క్రూరమైన ఆచారం ఉండేది. తుఫానుకు ఓడ పగిలి, సరుకు ఒడ్డుకు కొట్టుకు వస్తే, అది ఆ తీరపు రాజుకు చెందుతుంది. సొంతదారుడు బతికి ఒడ్డున నిలబడి "అయ్యా, ఇది నాది" అని మొత్తుకున్నా వినేవారు లేరు. ఒక్క రాత్రిలో సముద్రం సగం తీసుకుంటే, తెల్లవారి మనుషులు మిగిలిన సగం తీసుకునేవారు. ఐరోపాలోను ఈ ఆచారం ఉంది, మన దేశంలోను ఉంది. దీనిని దొంగతనమని ఎవరూ అనలేదు. హక్కు అన్నారు. పాపానికి హక్కు అని పేరు పెట్టడం మనిషికి బాగా తెలిసిన విద్య.

ఓడలు కూడా అంత గట్టివి కావు. ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన మోంటెకొర్వినో యోహాను అనే గురువు 1291లో మన దేశానికి వచ్చి, మైలాపూరులో పునీత తోమా పేరున ఉన్న దేవాలయ ప్రాంతంలో 13 నెలలు గడిపి, సుమారు వంద మందికి జ్ఞానస్నానం ఇచ్చాడు. తరువాత చైనా వెళ్లి 1307లో నేటి బీజింగ్ నగరానికి మొదటి అగ్రపీఠాధిపతి అయ్యాడు. ఈ సముద్రంలో తిరిగే ఓడలకు ఇనుము ఉండదనీ, బట్ట కుట్టినట్లు దారంతో కుట్టి ఉంటాయనీ, దారం ఎక్కడైనా తెగితే అక్కడ నీరు దూరుతుందనీ ఆయన ఇక్కడినుంచి పంపిన లేఖలో ఉంది. ఒడ్డు దగ్గర మెత్తగా వంగే గుణం తుఫానులో ప్రాణం మీదికి తెచ్చేది. వర్తకులను, యాత్రికులను, మన వేదప్రచారకులను మోసుకుని తిరిగినవి ఇటువంటి ఓడలే.

రాతిమీద రాజు మాట

మోటుపల్లిలోని వీరభద్రస్వామి ఆలయం వద్ద ఒక స్తంభం మీద గణపతిదేవుని శాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే క్రీస్తు శకం 1244-45 నాటిది. జర్మనీ దేశపు శాసన పండితుడు హుల్ట్ష్ దీనిని చదివి "ఎపిగ్రాఫియా ఇండికా" 12వ సంపుటంలో ప్రచురించాడు. దీనికి అభయశాసనమని పేరు. అన్ని దీవులనుంచి, పరదేశాలనుంచి, నగరాలనుంచి సముద్రం మీద వచ్చిపోయే వర్తకులకు ఇచ్చిన అభయం ఇది.

దాని సారాంశం మన మాటలలో చెప్పుకుందాం. ఒక దేశంనుంచి మరొక దేశానికి పోతూ తుఫాను దెబ్బకు పగిలి ఒడ్డున పడిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవి మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. మేము అలా చేయము. ధనం ప్రాణంకంటె గొప్పదని తలచి సముద్ర ప్రయాణమనే మహా సాహసానికి పూనుకున్న వారిమీద దయతోను, కీర్తికొరకును, ధర్మంకొరకును, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నాము. ఇదీ శాసన భావం.

ఇందులో మూడు విషయాలు గమనించండి.

మొదటిది, రాజు తప్పును తప్పు అన్నాడు. మునుపటి రాజులు బలవంతంగా లాక్కున్నారని రాతిమీద రాయించాడు. పాత ఆచారం కనుక అది ధర్మమేనని సర్దుకోలేదు.

రెండవది, సుంకం ఇంత అని ముందే చెప్పాడు. ఎగుమతులమీద, దిగుమతులమీద ముప్పయ్యవ వంతు. అంటే 30 రూపాయల సరుకుకు ఒక రూపాయి. ఆపైన కొన్ని సరుకులకు ఒక్కొక్క దానికి ఎంతో విడిగా రాయించాడు. శ్రీగంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, కర్పూర తైలం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పట్టుబట్టలు, పోకలు ఆ జాబితాలో ఉన్నాయి. ఈ పేర్లు చదువుతుంటే ఆనాటి రేవు వాసన మనకు తగులుతుంది. అధికారి నోటికి వచ్చినంత అడిగే అవకాశం లేదు. లెక్క రాతిమీద ఉంది. చదువు వచ్చిన ఎవరైనా వేలు పెట్టి చూపించవచ్చు.

మూడవది, రాజు తన లాభాన్ని దాచుకోలేదు. దయ, ధర్మం అంటూనే కీర్తి అని కూడా అన్నాడు, సుంకమూ అడిగాడు. నమ్మకం ఉన్న రేవుకు ఓడలు వస్తాయి, ఓడలు వస్తే సుంకం వస్తుంది. న్యాయంగా ఉండేవాడు నష్టపోతాడని మనలో చాలామంది అనుకుంటాము. మోటుపల్లి అందుకు భిన్నమైన సాక్ష్యం ఇస్తోంది. పగిలిన ఓడను దోచుకుంటే ఒక్కసారి ధనం దొరుకుతుంది. పగిలిన ఓడను అప్పగిస్తే వంద ఓడలు వస్తాయి.

అదే కాలంలో ఐరోపాలో

ఈ విషయం మీద శ్రీసభ కూడా మాట్లాడింది. 1179లో రోమునగరంలో జరిగిన మూడవ లాతరాను మహాసభ, ఓడ పగిలిన క్రైస్తవులను దోచుకునేవారిని, తీసుకున్నది తిరిగి ఇవ్వకపోతే వెలివేయాలని శాసించింది. గణపతిదేవుని శాసనానికి అది 65 ఏళ్ల ముందు. లోకం దీనిని హక్కుగా చూస్తున్న రోజుల్లో అది పాపమని శ్రీసభ ధైర్యంగా చెప్పింది. అయితే నిజాయితీగా మరొక మాట కూడా ఒప్పుకోవాలి. ఆ కట్టడ క్రైస్తవుల సరుకు గురించే మాట్లాడింది. మోటుపల్లి శాసనం మాత్రం ఓడలో వచ్చినవాడు ఏ మతస్థుడని అడగలేదు. ఏ దీవినుంచి వచ్చినా, ఏ దేశంనుంచి వచ్చినా అభయమే అన్నది. మంచి ఎక్కడ కనిపించినా దానిని గుర్తించి గౌరవించడం మన విశ్వాసానికి లోపం కాదు, బలమే.

ఇంకొక విశేషం. సరిగ్గా 1244లోనే ఇటలీ దేశంలో తోమా అక్వినాసు అనే యువకుడు దొమినికన్ సభలో చేరాడు. తరువాతి కాలంలో ఆయన చట్టం అంటే ఏమిటో వివరిస్తూ నాలుగు లక్షణాలు చెప్పాడు. అది వివేకంనుంచి పుట్టాలి, అందరి మేలుకొరకు ఉండాలి, సమాజ బాధ్యత కలిగినవాడు చేయాలి, అందరికీ తెలిసేటట్లు ప్రకటించాలి. సెమినరీలో తత్త్వశాస్త్ర విద్యార్థులందరూ ఈ నాలుగూ చదువుతారు. ఇప్పుడు మోటుపల్లి స్తంభాన్ని ఈ కొలతతో కొలిచి చూడండి. వివేకం ఉంది, అందరి మేలు ఉంది, బాధ్యతగల పాలకుడు ఉన్నాడు, రాతిమీద ప్రకటన ఉంది. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు మనుషులు, ఒకరు పారిస్ విశ్వవిద్యాలయంలోను ఒకరు ఓరుగల్లులోను, ఒకే సత్యం దగ్గరకు వచ్చారు. దేవుడు మనిషి మనసులో రాసిన ధర్మం ఒకటే కాబట్టి ఇది సాధ్యమైంది.

మార్కో పోలో చెప్పిన ముత్ఫిలి

గణపతిదేవుని తరువాత ఆయన కుమార్తె రుద్రమదేవి 1262నుంచి 1289వరకు పాలించింది. చైనాలో 17 ఏళ్లు గడిపి 1295లో వెనిస్ చేరిన మార్కో పోలో, 1298లో జెనోవా చెరసాలలో ఉండగా తన యాత్రల గురించి చెప్పి రాయించాడు. అందులో ముత్ఫిలి అనే రాజ్యం ఉంది. అదే మన మోటుపల్లి. ఆ రాజ్యాన్ని ఒక రాణి ఎంతో న్యాయంగా, శాంతంగా పాలించిందని అతడు మెచ్చుకున్నాడు. ఆమె రాజుగారి భార్య అని, భర్త చనిపోయాక పాలిస్తోందని అతడు అనుకున్నాడు. నిజానికి రుద్రమదేవి గణపతిదేవునికి కూతురు. అతడు తానే ఇక్కడ దిగాడా, నావికుల నోట విన్నాడా అని పండితులు చర్చించుకుంటారు. ఏదైనా ఆమె న్యాయం ఖ్యాతి సముద్రం మీద ఎంత దూరం పోయిందో దీనివలన తెలుస్తోంది.

అతడు వజ్రాల గురించి ఒక వింత కథ చెప్పాడు. లోతైన లోయలో వజ్రాలు ఉంటాయట, పాముల భయంతో ఎవరూ దిగరట, మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయట, గద్దలు ఆ ముక్కలను పైకి తెస్తాయట. ఇది కేవలం కథ. 4వ శతాబ్దంలో సైప్రస్ ద్వీపపు పీఠాధిపతి ఎపిఫానియుసు కూడా ఇటువంటి కథనే మరొక రత్నం గురించి రాశాడు. కాని వానలు కురిసిన తరువాత వాగుల వెంట వజ్రాలు దొరుకుతాయని మార్కో పోలో చెప్పిన మాటలో నిజం ఉంది. మంచి వజ్రాలు గొప్ప చక్రవర్తులకు పోతాయనీ, ఐరోపాకు వచ్చేవి ఏరగా మిగిలినవేననీ కూడా చెప్పాడు.

మన నేత కుటుంబాల వారు గర్వించదగిన మాట మరొకటి ఉంది. ఇక్కడి బట్ట సాలెగూడులా సన్నగా ఉంటుందనీ, దానిని ధరించడానికి ఇష్టపడని రాజుగాని రాణిగాని ఉండరనీ అతడు రాయించాడు. వేటపాలెం, చీరాల, జాండ్రపేటలలో మగ్గం ముందు కూర్చున్న ప్రతివారూ ఈ మాట తమ పిల్లలకు చెప్పాలి. చేతికి కూలి గిట్టక మగ్గం వదిలి వెళ్లిపోతున్న ఈ రోజుల్లో, ఆ చేతి పని ఒకప్పుడు లోకం అంతటా పేరు పొందినదని వారికి తెలియడం న్యాయం.

మరొక సంగతి కథోలికులమైన మనకు ఆనందం కలిగిస్తుంది. మార్కో పోలో గ్రంథంలో ముత్ఫిలి అధ్యాయానికి పక్కనే ఉన్న అధ్యాయం పునీత తోమా సమాధి గురించినది. ఆ చోటు చిన్న ఊరనీ, అయినా క్రైస్తవులు, ముస్లిములు ఇద్దరూ భక్తితో అక్కడికి వస్తారనీ, అక్కడి ఎర్రమట్టిని జ్వరం తగ్గడానికి తీసుకుపోతారనీ రాసి ఉంది. ఒకే తీరం, ఒకే గ్రంథం, పక్కపక్క పుటలు.

మాట నిలబెట్టిన రెడ్డిరాజులు

1323లో ఓరుగల్లు పడిపోయింది. రాజ్యం పోతే రాజు ఇచ్చిన మాట కూడా పోవాలి. కాని మోటుపల్లిలో అలా జరగలేదు. తరువాత ఈ సీమను ఏలిన రెడ్డిరాజులలో అనపోతారెడ్డి శక సంవత్సరం 1280లో, అంటే 1358లో, అక్కడే మరొక శాసనం వేయించాడు. మోటుపల్లికి వచ్చి ఉండదలచిన వర్తకులకు భూమి ఇస్తామన్నాడు. వెళ్లిపోదలచినప్పుడు అడ్డు పెట్టము అన్నాడు. తెచ్చిన సరుకు ఇష్టమైన వారికి అమ్ముకోవచ్చు అన్నాడు. కొడుకులు లేకుండా చనిపోయినవారి ఆస్తిని రాజు తీసుకునే పద్ధతి కూడా వారి విషయంలో మానివేశాడు.

పరదేశంలో చనిపోయిన వర్తకుని భార్యాబిడ్డల పరిస్థితి ఒకసారి ఊహించండి. గల్ఫు దేశాలకు మనుషులను పంపిన మన ఇళ్లవారికి ఈ కట్టడ విలువ వెంటనే తెలుస్తుంది. అక్కడ మనవాడికి ఏదైనా జరిగితే రావలసిన జీతం వస్తుందా, అతని సామాను ఎవరు పంపుతారు అని ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడుపుతామో మనకు తెలుసు.

తరువాతి కాలంలో శ్రీనాథ మహాకవి "హరవిలాసము" కావ్యాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తకునికి అంకితమిచ్చాడు. సింహళంనుంచి ఏనుగులు, ఓర్ముజునుంచి గుర్రాలు, చైనానుంచి పట్టుబట్టలు తెప్పించే వర్తకుడని ఆ కావ్యం అతనిని పొగిడింది. ఒక సెట్టికి మహాకావ్యం అంకితమయ్యేటంత గౌరవం వర్తకానికి ఆనాడు ఉంది. ఆ గౌరవానికి పునాది వేసిన రాళ్లలో మోటుపల్లి స్తంభం ఒకటి.

రేవు ఎందుకు మరుగున పడింది?

15వ శతాబ్దంలో ఈ సీమ కొండవీడు, విజయనగరం, గజపతుల యుద్ధాల మధ్య నలిగింది. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు కోటను జయించాడు. తరువాత గోలకొండ నవాబులు బలపడ్డారు. వారికి అనుకూలమైన రేవు మచిలీపట్నం. రేపల్లె సీమలోని నిజాంపట్నంలో 1606లో డచ్చివారు వ్యాపార స్థావరం పెట్టారు. 1611లో "గ్లోబ్" అనే ఆంగ్లేయుల ఓడ అక్కడికే వచ్చి, తరువాత మచిలీపట్నం చేరింది. వర్తకం అటు జరిగింది. మోటుపల్లి పల్లెగా మిగిలింది. మచిలీపట్నం వంతు కూడా వచ్చింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో అక్కడ సుమారు 30 వేల మంది మరణించారు. ఏ రేవూ శాశ్వతం కాదు. ఓడలు పోయాయి, సరుకు పోయింది, రాజులు పోయారు. మోటుపల్లిలో మిగిలినది ఒక మాట. అది దయతో ఇచ్చిన మాట కాబట్టి ఇప్పటికీ చదువుకుంటున్నాము.

మన రహదారి, మన రేవు

అపోస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు ఈ వారం ఇంటిలో కలిసి చదవండి. పునీత పౌలు ఎక్కిన ఓడ ఉత్తర ఆఫ్రికాలోని అలెగ్జాండ్రియాది. గోధుమలు మోసుకుపోయే ఓడ. అందులో 276 మంది ఉన్నారు. మాల్టా దగ్గర ఓడ పగిలింది. అందరూ ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. వానలో, చలిలో వణుకుతున్న ఆ అపరిచితులను ద్వీపవాసులు దోచుకోలేదు. మంట వేసి దగ్గరకు పిలిచారు. వారు క్రీస్తును ఎరుగనివారు. అయినా వారి దయను పునీత లూకా మరిచిపోకుండా గ్రంథస్తం చేశాడు.

ఇక మన సంగతి. ఈనాడు మన రేవు ఏది? మన ప్రాంతం పక్కనుంచే కోల్‌కతా-చెన్నై జాతీయ రహదారి పోతుంది. రాత్రింబగళ్లు లారీలు నడుస్తాయి. లారీ బోల్తా పడింది అని తెలియగానే ఏమి జరుగుతుందో మనకు తెలుసు. కొందరు డ్రైవరును బయటికి లాగడానికి పరుగెత్తుతారు. మరికొందరు బిందెలు, సంచులు తీసుకుని పరుగెత్తుతారు. నూనె, చేపలు, కోడిపిల్లలు, ఉల్లిపాయలు, ఏదైనా సరే. "రోడ్డుమీద పడింది కదా, ఎవరిదైతేనేమి" అంటారు. "అందరూ తీసుకుంటున్నారు, మనం తీసుకోకపోతే వెర్రివాళ్లమా" అంటారు. 1244కు ముందు ఈ తీరాన చెప్పిన మాట సరిగ్గా ఇదే. ఓడ స్థానంలో లారీ వచ్చింది, అంతే.

ఆ డ్రైవరు ఏ బీహారునుంచో, ఏ తమిళనాడునుంచో వచ్చినవాడు. భాష రాదు. కాలు విరిగి పడి ఉన్నాడు. తన కళ్లముందే సరుకు పోతుంటే, యజమానికి ఏమి చెప్పాలి అని ఏడుస్తున్నాడు. ఇంటికి తెచ్చిన ఆ నూనెతో అమ్మ చేసిన గారెలు తిన్న బిడ్డ ఏమి నేర్చుకుంటాడు? ఇతరుల ఆపద మన అదృష్టమని నేర్చుకుంటాడు. జ్ఞానోపదేశం బడిలో ఏడవ ఆజ్ఞను ఎన్నిసార్లు వల్లె వేయించినా ఆ ఒక్క సాయంత్రపు పాఠాన్ని చెరపడం కష్టం.

పగిలిన ఓడలు ఇంకా ఎన్నో రూపాలలో మన గడప దగ్గరకు వస్తాయి. అప్పుల్లో మునిగి ఇల్లు అమ్ముకునేవాని దగ్గర సగం ధరకు బేరం ఆడడం ఒక రూపం. భర్త పోయిన ఆడబిడ్డ పొలాన్ని అన్నదమ్ములు కలిపేసుకోవడం మరొక రూపం. పని వెతుక్కుంటూ వచ్చిన పరాయి రాష్ట్రపు కూలీకి తక్కువ కూలి ఇచ్చి పంపడం ఇంకొక రూపం. వీటిలో దేనినీ మనం దొంగతనం అనము. బేరం అంటాము, ఆచారం అంటాము, హక్కు అంటాము. పేరు మారిస్తే పాపం మారదు.

వీలున్నవారు పిల్లలను తీసుకుని మోటుపల్లి వెళ్లి ఆ శిలాశాసనాలను చూడండి. వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత గ్రంథాలకు పేరు పొందిన చోటు. అక్కడ కాకతీయుల చరిత్ర అడిగి చదివించండి. దేవాలయం ఏ మతస్థులదైనా అక్కడి రాతిని గౌరవించడం, గీతలు గీయకుండా కాపాడడం మన అందరి బాధ్యత. ఆ రాయి మన పూర్వికులందరి ఉమ్మడి ఆస్తి.

కుటుంబ ప్రార్థన తరువాత ఈ మూడు ప్రశ్నలు చర్చించుకోండి:

1. ఇతరుల ఆపదవలన మన ఇంటికి వచ్చిన వస్తువు గాని, భూమి గాని, సొమ్ము గాని ఏదైనా ఉన్నదా? ఉంటే దానిని ఎలా తిరిగి అప్పగించగలం?

2. మన ఊరిలో పరాయివాడు ఎవరు? ఆపద వస్తే అతడు ధైర్యంగా తట్టగలిగే తలుపు మనదేనా?

3. మన ఇంటి గుమ్మం మీద ఒక మాట చెక్కించాలంటే, ఏ మాట చెక్కిస్తాం? దానిని మన పిల్లలు నిలబెట్టగలరా?

రాజులు రాతిమీద రాశారు. మనం నడతమీద రాయాలి. ఈసారి రోడ్డుమీద ఏదైనా లారీ పడినప్పుడు, సంచి లేకుండా పరుగెత్తే మొదటి మనిషి మన విచారణవాడు కావాలి.